నల్ల కిటికీలో చదవని మాట

మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో, మా కాలేజీ కంప్యూటర్ లాబ్‌లో ఉన్నాను. "అక్కా, మగ్గం గుంట పూడిపిస్తాండాము. ఇసుక కూడా దిగింది. నాయన పెట్టె ఒకటి అట్లనే ఉండాది. నువ్వొచ్చి చూసుకుంటే మేలు, లేకుంటే పాత సామాన్ల వానికి ఏసేస్తా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, మాట తీరే అంత. నాయన పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆయన నేసిన మగ్గం అంతకు చాలా ముందే కట్టెలుగా విడిపోయి అటక మీదికి చేరింది. నేసేటప్పుడు ఆయన కాళ్లు దించుకునే గుంట మాత్రం మిగిలింది. పిల్లలు పడతారని దాని మీద పలకలు పరిచి బియ్యం మూటలు పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు గదికి టైల్స్ వేయిస్తున్నారు కాబట్టి అదీ పోవాలి. ఆదివారం వస్తానని చెప్పి ఫోన్ పెట్టేసరికి నా బల్ల ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. "మేడం, నా ప్రోగ్రాం రన్ చేస్తే నల్ల విండో ఇట్లొచ్చి అట్ల పోతాంది. ఏమి రాసిందో చదివేలోపలే మూసుకుంటాంది" అంది.

ఏటా ఎవరో ఒకరు అడిగే మాటే ఇది. జవాబు నాకు నోటికి వచ్చు. ఫైలు మీద రెండుసార్లు నొక్కి వదిలేస్తే ఆ నల్ల కిటికీ తన పని తాను చేసుకుని, చెప్పదలచుకున్నది చెప్పి, మనం విన్నామా లేదా అని చూడకుండా మూసుకుపోతుంది. అలా పోకుండా ఉండాలంటే ముందు కమాండ్ ప్రాంప్ట్ నువ్వే తెరిచి, ప్రోగ్రాం పేరు అందులో టైపు చెయ్యాలి. అప్పుడు పని ముగిశాక కూడా కిటికీ నీ ఎదుటే ఉంటుంది. సీఎండీ అని రాసి పక్కన స్లాష్ కె పెట్టి పిలిచినా ఉంటుంది. అదీ కాదంటే ఒక బ్యాచ్ ఫైలు రాసుకుని చివరి వరసలో పాజ్ అనే ఒక్క మాట పెట్టు, నువ్వు ఏదో ఒక కీ నొక్కేదాకా అది కదలదు. పాజ్ లేని ఫైలుకు నేను రికార్డు పుస్తకంలో సంతకం పెట్టను. పిల్లలు నా వెనకాల నన్ను పాజ్ మేడం అంటారని నాకు తెలుసు. ఈ వయసులో నాకు ఇంతకన్నా మంచి పేరు వస్తుందన్న ఆశ లేదు. ఆ రోజు ఆ అమ్మాయికి ఇదంతా చెబుతూ చెబుతూ మధ్యలోనే ఆపేసి, మంచినీళ్లు తాగొస్తానని బయటికి వెళ్లిపోయాను.

ఆదివారం పొద్దున ధర్మవరం వైపు పోయే ప్యాసింజర్ ఎక్కాను. పెనుకొండ దగ్గర కొండ కనిపించగానే ఎప్పటిలాగే మా అవ్వ గుర్తుకొచ్చింది. అవ్వ పుట్టిల్లు పెనుకొండ. చిన్నప్పుడు ఆ కొండ మీద సీతాఫలాలు కోసి గంపలో పెట్టుకుని బస్సుల దగ్గర అమ్మేదట. పండు కోతకు వచ్చిందో లేదో దాని కండ్లు చూస్తే తెలుస్తుందనేది. కండ్లు విచ్చుకుని మధ్య సందుల్లో పసుపు తేలితే కోయాలి, మూసుకుని ఉంటే కొమ్మకే వదిలేయాలి. పెళ్లయి ధర్మవరం నేతవాళ్ల ఇంటికి వచ్చాక ఆమె చేతికి గంప పోయి రాట్నం వచ్చింది. నాకు తెలిసినప్పటి నుంచి అవ్వ గోడకు ఆనుకుని, ఒక కాలు చాపుకుని, రాట్నం తిప్పుతూ పట్టు చుడుతూనే ఉంది. మా అమ్మ తమ్ముడి కాన్పులో పోయింది. మమ్మల్నిద్దర్నీ పెంచింది కూడా ఆ రాట్నం పక్కనే. ఏడిస్తే కాలితో ఊపేది, చేతి పని ఆపేది కాదు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు ముక్కుకు తగులుతుంది. పట్టుకు అద్దిన రంగు వాసన, గుంటలో తడిమట్టి వాసన, అవ్వ నమిలే ఆకువక్క వాసన, అన్నీ కలిసి ఒకటే. పట్టుపోగు ఎండకు తెగుతుందని నాయన పొద్దున్నే గుంటలో చెంబెడు నీళ్లు చల్లి, పడుగుకు, అంటే మగ్గం మీద బారుగా పరిచిన నిలువు పోగులకు, దండం పెట్టి, అప్పుడు కాళ్లు లోపలికి దించేవాడు. మా గుంట మగ్గం మీద చీరె బోర్లా నేయాలి. నేసేవాడికి వెనకవైపే కనిపిస్తుంది, అసలు ముఖం కిందికి ఉంటుంది. అందుకని గుంటలో, బట్ట కింద, ఒక అద్దం ముక్క వాలుగా పెట్టుకునేవాడు నాయన. నాలుగు వేళ్లు నేసి ఒకసారి వంగి అద్దంలో చూసుకోవడం ఆయన అలవాటు. చూసి బాగుంటే ఏమీ అనేవాడు కాదు. చూడటం మాత్రం ఏ రోజూ మానలేదు. ఇంకో పట్టుదల ఉండేది. చీరె అయిపోయినా పడుగు మొత్తం కోసేవాడు కాదు, మూరెడు తోక మగ్గం మీదే వదిలేవాడు. ఆ పాత పోగుల కొసలకే కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ అతికేవాళ్లు. "కొస ఉంటేనే కదా పాపా మళ్లా మొదలు పెట్టేది" అనేవాడు నాతో.

అంచులూ కొంగులూ నాయన తనే గీసుకునేవాడు. గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో గడి గడీ నింపి, ఒక్కో వరసకు ఒక్కో అట్ట చొప్పున, ఇనుప పలక మీద పెట్టి సుత్తితో బెజ్జాలు కొట్టేవాడు. ఆ అట్టలు దారంతో గొలుసుగా కుట్టి మగ్గం నెత్తిన ఉన్న జకార్డుకు ఎక్కిస్తే, ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో ఆ బెజ్జాలే చెబుతాయి. వీధిలో సగం మగ్గాలకు ఆయన కొట్టిన అట్టలే. అలాంటి మనిషే మా ఊళ్లో మొదటి కంప్యూటర్ డిజైన్ సెంటర్ తెరిచిన రోజు పోయి చూసొచ్చి, అన్నం దగ్గర కూర్చుని, "ఇంక ఈ పని దానిదే పాపా. నువ్వు నేర్చుకో" అన్నాడు. అలా నేను రోజూ ఇదే రైలులో హిందూపురం పోయి కంప్యూటర్ కోర్సు చేశాను. కోర్సు పూర్తయ్యాక నాయనే నన్ను తీసుకెళ్లి సెంటర్‌లో కూర్చోబెట్టాడు. వీధి పెద్దలు ఊరుకుంటారా? ఒకాయన మా అరుగు మీద కూర్చుని నా ముందే అన్నాడు: "ఏమప్పా, ఆడపిల్లను అంగట్లో కూర్చోబెడితివి. రేపు అట్ట తప్పు పడితే ఎవర్ని అడగల్ల?" నాయన నవ్వలేదు. "నా బిడ్డ చేసిన అట్ట తప్పదు. తప్పితే నన్నడుగు" అన్నాడు. ఆ మాట విని నేను రెండు రోజులు నేల మీద నడవలేదు. దాని బరువెంతో తర్వాత తెలిసింది.

సెంటర్ స్టేషన్‌కు పోయే దారిలో ఒక చిన్న గది. రెండు కంప్యూటర్లు, అట్టలు కొట్టే మిషన్ ఒకటి, మిషన్‌కు కప్పే దుప్పటి ఒకటి. బొమ్మను తెర మీద గీసి, ఒక చిన్న ప్రోగ్రాం మీద రెండుసార్లు నొక్కాలి. రెప్పపాటు నల్ల కిటికీ తెరుచుకుని, అందులో తెల్ల అక్షరాలు జరజరా దిగి, మూసుకుపోతుంది. బొమ్మ కాస్తా అట్టల లెక్కగా మారి మిషన్‌కు అందుతుంది. ఆ ప్రోగ్రాం ఎవరో బెంగళూరు మనిషి రాసిచ్చి వెళ్లాడు. మా యజమానికి తెలిసింది ఒక్కటే, నాకు నేర్పిందీ అదే: "నల్ల పెట్టె వచ్చి పోయిందంటే పని అయినట్టేమ్మా." ఆ తెల్ల అక్షరాలు ఏమంటున్నాయని నేను ఎప్పుడూ అడగలేదు. హిందూపురంలో అన్ని నెలలు చదువుకుని, ఆ కిటికీని ఆపి చదవొచ్చునన్న ఆలోచనే నాకు రాలేదు. అది త్వరగా పోవడం చూసి, మన పని ఎంత త్వరగా అయిందో అనుకుని మురిసిపోయేదాన్ని.

ఆ ఏడు అవ్వకు ఆయాసం పట్టుకుంది. రాట్నం నాలుగు చుట్లు తిప్పితే ఎగశ్వాస. పెద్దాసుపత్రి డాక్టరు నాయనను పక్కకు పిలిచి, ఇంక ఎక్కువ రోజులు లేవని చెప్పాడు. ఆ రోజు సాయంత్రం నాయన గుంట అంచున కూర్చుని, రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఈ చేతులతో ఇంతమందికి నేస్తి. మాయమ్మకు ఒక పట్టుచీరె లేదు పాపా." నిజమే. బతుకంతా పట్టు చుట్టిన మనిషి ఒంటి మీద నూలు చీరె తప్ప నేను చూడలేదు. మా వీధిలో అది వింత కూడా కాదు. నేసిన చీరె నేసినట్టే షావుకారు ఇంటికి పోయేది. అవ్వ విని ఎగతాళి చేసింది. "పట్టు కట్టుకోని నేను యాడికి పోవల్లరా? సంతకా?" అంది. కానీ ఆ రోజు నుంచి మగ్గం చప్పుడు ఆగితే చాలు, మంచంలోంచి తల తిప్పి చూసేది.

కొంగుకు నాయన సీతాఫలాలు గీశాడు. ఒకే వరస పండ్లు, పెద్దవి, జరీలో. ఒక్కో పండులో ఒక వరస విడిచి ఒక వరసలో కండ్లు. మొత్తం ఎనిమిది కండ్ల వరసలు. అప్పటికే ఆయన కండ్లలో పొర దిగుతోంది. గళ్ల కాగితం ముక్కుకు ఆనించుకుని గీశాడు. అంచులకు పాత అట్టలే ఉన్నాయి కాబట్టి చీరె ఒళ్లు నేయడం మొదలుపెట్టేశాడు. కొంగు అట్టలకోసం కాగితం నాకిచ్చి, తెర మీద ఎట్లా వచ్చిందో చూడటానికి మరునాడు సెంటర్‌కు తనే వచ్చాడు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. నేను పండ్లకు పసుపు, కండ్లకు లేత పసుపు వేశాను. ఆయన తెర దగ్గరికి వంగి, వెనక్కి జరిగి, మళ్లీ వంగి, "కండ్లు యాడ పెడితివి పాపా? నాకు కనపడలా" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత సిగ్గయిందో ఆ గొంతులో తెలిసింది. గబగబా కండ్లకు రంగు మార్చి, కొట్టొచ్చినట్టు కనపడే గులాబి రంగు వేశాను. "ఆఁ! కనపడతాండాయి!" అని తెర మీద వేలు పెట్టి ఒక్కో కన్నూ లెక్కపెట్టాడు. చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాడు. ఆయన ఇంటికి వెళ్లాక రంగు తిరిగి మార్చాలి. ఆ ప్రోగ్రాంకు తెలిసిన రంగులు కొన్నే, గులాబి వాటిలో లేదు. నేను మరిచిపోయాను. రెండుసార్లు నొక్కాను. నల్ల కిటికీ వచ్చింది, పోయింది. అట్టలు కొట్టించి, దారంతో కుట్టి, గళ్ల కాగితంతో పాటు గర్వంగా సంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

కొంగు పడిన రోజు నాకు సెలవు. మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే మగ్గం చప్పుడు ఆగింది. "పాపా, ఇట్ల రా. పండ్లు పూర్తయినాయి. అద్దంలో నాకు మసకగా ఉండాది, నువ్వు చూసి చెప్పు" అని పిలిచాడు నాయన. తడి చేతులు పావడాకు తుడుచుకుని గుంటలోకి దిగాను. వంగి అద్దంలో చూశాను. పండ్లున్నాయి. కండ్లు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. నున్నగా, కాస్త అణిగినట్టు, బంగారు ముద్దలు వరసగా ఉన్నాయి. నేను నోరు తెరవకముందే అవ్వ మంచం మీద నుంచి "నన్నూ చూడనీండ్రా" అంది. నాయన అద్దం తీసి ఆమెకు కనపడేలా పట్టుకున్నాడు. అవ్వ చూసి, ఆయాసపడుతూనే నవ్వింది. "ఇది జామకాయ కదప్పా." నాయన ముఖం చూసి వెంటనే మాట మార్చింది. "కండ్లు ఇచ్చుకోలేదంటే ఇంకా పక్వానికి రాలేదని. కాయలే అనుకుందాం. పోనీలేరా, ఉండనీ."

నాయన బట్టను వేళ్లతో తడిమాడు. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు తడుముతూ చాలాసేపు ఉన్నాడు. తర్వాత తల ఎత్తి, నన్ను కాదు, గోడను చూస్తూ, "నా కండ్లదే తప్పు. అట్టలు తప్పించినట్టుండా" అన్నాడు. గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని మగ్గం దిగాడు.

మరునాడు సెంటర్‌లో ఎవరూ లేని వేళ ఆ ఫైలు మళ్లీ తెరిచాను. నిజం చెప్పాలంటే నాకు అనుమానం వచ్చి కాదు. అట్టలు ఇంకో జత కొట్టించి, ఆయనకు కనపడేలా పెద్ద నంబర్లు వేసి ఇస్తే నాయన మళ్లీ నేస్తాడని ఆశ. రెండుసార్లు నొక్కబోయి, ఎందుకో ఆగాను. హిందూపురంలో మా సారు ఎప్పుడో బోర్డు మీద రాసింది గుర్తొచ్చింది. రన్‌లోకి పోయి సీఎండీ అని కొట్టి, నల్ల కిటికీని నేనే తెరిచి, ప్రోగ్రాం పేరు అందులో టైపు చేశాను. అక్షరాలు దిగాయి. ఈసారి కిటికీ పోలేదు. ఈ రంగు నాకు తెలియదు, ఈ వరస వదిలేశాను అని ఇంగ్లీషులో రాసి ఉంది. వరస నంబరు వేసి మరీ రాసి ఉంది. ఒకటి కాదు, కింద కింద ఎనిమిది సార్లు. అది మొన్న కూడా నాకు చెప్పింది. చెప్పి, నేను వినలేదని దానికి తెలియక వెళ్లిపోయింది. యజమాని వచ్చి నా వెనక నిలబడి, "ఏమైందమ్మా, అట్ల కూర్చున్నావు?" అన్నాడు. "ఏం లేదు సార్" అని కిటికీ మూసేశాను. దాన్ని మొదటిసారి ఆపి చదివిందీ నేనే, ఎవరూ చదవకుండా మూసిందీ నేనే.

సాయంత్రం నాయనకు చెప్పేయాలనే ఇంటికి వచ్చాను. మా అరుగు మీద అదే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. "కండ్లు మందగించినాయంట కదప్పా, మగ్గం దిగితివంట" అంటున్నాడు. "ఔనప్పా. వయసు ఉండాది కదా" అంటున్నాడు నాయన. నా బిడ్డ చేసిన అట్ట తప్పదు అని ఈయన ముందే కదా అన్నాడు. నేను లోపలికి వెళ్లిపోయాను. ఈ మాట బయటపడితే సెంటర్‌లో నా చోటు పోతుంది, వీధిలో ఏ ఇంట్లోనూ ఆడపిల్లను ఇంక పంపరు, నాయన మాట పోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు చూస్తే అందులో నాయన మాట అన్నది చివర తగిలించుకున్న సాకు. భయం నా గురించే. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ వారమంతా నాయన నేను ఇంటికి రాగానే ఒకే మాట అడిగేవాడు: "సెంటర్‌లో ఏమన్నా విశేషమా పాపా?" అంతకు ముందు ఎప్పుడూ అలా అడిగినవాడు కాదు. మగ్గం లేక పొద్దుపోక అడుగుతున్నాడనుకుని, "ఏం లేదు నాయనా" అనేదాన్ని. ఒక రోజు, "ఖాళీ అట్టలుంటే ఓ పది తెచ్చిపెట్టు పాపా. అవ్వకు విసరను పనికొస్తాయి" అన్నాడు. తెచ్చిచ్చాను. రెండు అట్టలు కలిపి పట్టుకుని అవ్వ మంచం పక్కన విసురుతూ కూర్చునేవాడు.

ఆ వారం దాటకుండానే అవ్వ పోయింది. నాయన మగ్గం దగ్గరికి వెళ్లి చీరె కోశాడు. కోసి, ఎప్పుడూ వదిలే మూరెడు తోకను కూడా వదలకుండా, పోగులన్నీ మొదలంటా కోసేశాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ కత్తెర చప్పుడు విన్నప్పుడు కూడా నిజం చెప్పలేదు. కండ్లు లేని సీతాఫలాల కొంగు పైకి వచ్చేలా ఆ చీరె కప్పి అవ్వను సాగనంపాం. చూసినవాళ్లంతా పండ్లు బాగున్నాయన్నారు, ఏం పండ్లని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత మా నాయన మగ్గం ఎక్కలేదు. అవ్వ రాట్నం ముందు, అవ్వ కూర్చున్న చోటే, ఒక కాలు చాపుకుని కూర్చుని ఊరివాళ్లకు కండెలు చుట్టాడు. అది ఆడవాళ్లూ పిల్లలూ చేసే పని. అట్టలకోసం ఆయన దగ్గరికి వచ్చినవాళ్లే పట్టు తెచ్చి పడేసి, "తాతా, తొందరగా చుట్టియ్యి" అని పోయేవాళ్లు. కొన్నేళ్లకు నాకు హిందూపురంలో కాలేజీ ఉద్యోగం వచ్చి, ఆయనకు కంటి ఆపరేషన్ చేయించాను. కట్టు విప్పిన రోజు బస్టాండులో నా పక్కన నిలబడి, బస్సుల బోర్డులు ఒక్కొక్కటీ పైకి చదివాడు. "గోరంట్ల. రొళ్ల. పెనుకొండ." అన్నీ తప్పులేకుండా చదివాడు. నాకు ఏడుపు ఆగలేదు. "ఇంక మగ్గం ఎక్కొచ్చు కదా నాయనా" అన్నాను. "వద్దులే పాపా. దిగితి కదా" అన్నాడు. కాసేపాగి, "ఇంకేమి విశేషాలు?" అన్నాడు. అప్పుడు చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. ధర్మవరం బస్సు వచ్చి ఆగింది, జనం తోసుకున్నారు, ఆయనకు సీటు పట్టాలని నేను పరుగెత్తాను.

ఇదంతా నెమరేసుకుంటూ ఇంటికి చేరేసరికి పనివాళ్లు గుంట మీది పలకలు తీసేశారు. పట్టపగలు వెలుతురులో ఆ గుంట ఇంత చిన్నదా అనిపించింది. దానిలో ఒక మనిషి అంతకాలం కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు. నాయన పెట్టె తమ్ముడు గడప మీద పెట్టాడు. నేనూ అక్కడే కూర్చుని తెరిచాను. పైన అద్దం ముక్క, రసం పోయి నల్ల మచ్చలు పడింది. దాని కింద ఇనుప పలక, సుత్తి. అడుగున చుట్టచుట్టిన గళ్ల కాగితం. విప్పితే సీతాఫలాలు. కండ్లున్న వరసలు ఎనిమిదింటి పక్కనా పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి ఉంది. ఆ చుట్ట మధ్యలో, పట్టుదారంతో కట్టిన అట్టల కట్ట ఒకటి ఉంది. నేను సెంటర్ నుంచి తెచ్చిచ్చిన అట్టలే, ఆ లేత ఆకుపచ్చ రంగు నేను మరిచిపోలేదు. మిషన్ బెజ్జం అంచు నున్నగా ఉంటుంది. వీటి అంచులు గరుకుగా ఉన్నాయి, సుత్తితో కొట్టినవి. మూలన పెన్సిల్‌తో వరస నంబర్లు. ఎనిమిది అట్టలు.

పదింటిలో రెండింటితో అవ్వకు విసిరాడు. మిగతావి ఏమయ్యాయని నేను ఎప్పుడూ అనుకోలేదు. పొర కమ్మిన కండ్లతో, నేను సెంటర్‌కు పోయిన పగటి వేళల్లో, నా అట్టలను గళ్ల కాగితంతో వరస వరసా సరిచూసి, లేనివి ఏవో కనిపెట్టి కొట్టాడు. గొలుసులో కుట్టి ఉంటే కొంగు మళ్లీ నేయొచ్చు, కానీ తప్పు నా అట్టలదని వీధికి తెలిసిపోయేది. కుట్టలేదు. నేతవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఆ రోజే తెలియాలి. ఎంత చూపు పోయినవాడికైనా ఒక అట్ట తప్పుతుంది, రెండు తప్పుతాయి, ఒకటి విడిచి ఒకటి చొప్పున ఎనిమిది ఎవరికీ తప్పవు. ఆయన చెప్పిన మాట నమ్మితే నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను. ఏమన్నా విశేషమా పాపా అని ఆయన అడిగినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. సెంటర్ రోజుల్లో అడిగినవి, బస్టాండులో అడిగింది, ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టిన రోజు నా చెయ్యి పట్టుకుని, గాలితో కలిసిన గొంతుతో అడిగింది. అన్నిటికీ నేను ఒకే జవాబు చెప్పాను. ఇప్పుడు మా లాబ్‌లో తెరలు పెద్దవి, ప్రోగ్రాంలు తప్పు జరిగితే ఎర్ర అక్షరాలతో అరిచి మరీ చెబుతాయి, పాజ్ పెట్టనివాళ్లను నేను కసురుకుంటాను. అప్పుడు నాకు ఎదురుగా కూర్చుని ఒక మనిషి నా మాటకోసం ఆగి ఉన్నాడని మాత్రం నాకు తెలియలేదు.

గళ్ల కాగితం ఒళ్లో పరుచుకుని, ఒక్కో అట్టా తీసి, ఒక్కో బెజ్జానికీ వేలు పెట్టి గడితో సరిచూశాను. పనివాళ్లు గంపలతో ఇసుక మోస్తున్నారు. నాకు చాలాసేపు పట్టింది. ఎనిమిది అట్టలు పూర్తయ్యాయి. ఒక్క బెజ్జం తప్పు లేదు.

"ఏమక్కా అవి? ఏమన్నా పనికొచ్చేవి ఉండాయా?" అంటూ తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడికి అంతా చెప్పాను. గులాబి రంగు, నల్ల కిటికీ, నేను మూసేయడం, అన్నీ. ఇంతకాలానికి ఇంకొక మనిషికి చెప్పడం అదే మొదటిసారి. వాడు నేల చూస్తూ విన్నాడు. చివరకు, "నాయనకు తెలీదు కదక్కా?" అన్నాడు, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

అట్టలు వాడి చేతిలో పెట్టాను. వాడూ నేతవాడి కొడుకే. పై అట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, బెజ్జాల అంచులు వేలితో తడిమి చూసి, "ఇది నాయన సుత్తి దెబ్బే కదక్కా" అన్నాడు. మా వెనకాల పనివాళ్లు ఇంకో గంప ఇసుక గుంటలో పోశారు.